సిమెంటు తగ్గించి బాట పలకలు, తోట బొమ్మలు పోయడం ఎలా?

మట్టిచేతులు:
తోటలో నడిచే బాటకు పలకలు, పూలకుండీలు, ఒకటి రెండు బొమ్మలు నేనే అచ్చుపోసుకుంటాను. మూడేళ్లుగా ఇదే వ్యాపకం. సిమెంటు కోసం సున్నపురాయిని దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారనీ, బట్టీలో మండే ఇంధనం కన్నా ఆ రాయిలోంచి వెలువడే కార్బన్ డయాక్సైడే ఎక్కువనీ చదివాను. అప్పటి నుంచి బస్తా విప్పాలంటే చెయ్యి వెనకాడుతోంది.

సిమెంటు తగ్గించడం చేతనైంది గాని, పోసినది నిలవడం లేదు. మొదట ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో తాబేలు చేశాను. అరగంటలో గట్టిపడింది, నున్నగా వచ్చింది. ఒక్క వానాకాలం గడిచేసరికి దానికి ముక్కు లేదు. తరువాత పాత కాగితాలు నానబెట్టి, రుబ్బి, కొద్దిగా సిమెంటు కలిపి పక్షులకు నీళ్ల పళ్లెం చేశాను. పక్షుల కన్నా ముందు పళ్లెమే నీళ్లు తాగేసింది. మూడోసారి సగం సిమెంటు, సగం ఫ్లైయాష్‌తో, అంటే విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలే సన్న బూడిదతో, ఆరు పలకలు పోశాను. ఏడో రోజున ఒకదాన్ని రెండు ఇటుకల మీద పెట్టి నిలబడితే రెండు ముక్కలైంది. మిగిలిన ఐదింటి అంచులు గోటితో గీస్తేనే రాలుతున్నాయి. కోపం కొద్దీ వాటిని కుళాయి వెనక పారేశాను.

బూడిదను రసాయనాలతో గట్టిపరిచే జియోపాలిమర్ అంటున్నారు, హెంప్ మొక్క కాడల ముక్కలను సున్నంతో కలిపే హెంప్‌క్రీట్ అంటున్నారు. వీటిలో బొచ్చెతో, తాపీతో ఇంట్లో చేసుకోగలిగినది ఏదైనా ఉందా? భూమి మీద ప్రేమ నాకూ ఉంది, ఉపదేశాలు వద్దు. పాళ్లు చెప్పండి.

తాపీపని:
పలకనూ బొమ్మనూ ఒకే గాటన కట్టకండి. ఒకటి మనిషి బరువు మోయాలి, రెండోది వానకు తట్టుకుంటే చాలు.

మీ ఫ్లైయాష్ తప్పేమీ లేదు, మీరే తొందరపడ్డారు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతూ సున్నాన్ని విడిచిపెడుతుంది. ఆ సున్నం పుట్టాకే ఫ్లైయాష్‌కు పని మొదలవుతుంది, అదీ నెలల తరబడి నింపాదిగా సాగుతుంది. సగానికి సగం వేసినప్పుడు 28 రోజుల బలం కూడా అసలు బలం కాదు, 56 లేదా 90 రోజులకు చూడాలి. మీరు ఏడో రోజునే పరీక్ష పెట్టారు, పైగా ఇటుకల మీద. కింద ఆనిక లేకపోతే మంచి పలక కూడా విరుగుతుంది. దిమ్మిస చేసిన ఇసుక మీద పరిచి చూడాల్సింది.

ఈసారి పావు వంతుతో మొదలుపెట్టండి: మూడు పాళ్లు సిమెంటు, ఒక పాలు ఫ్లైయాష్, ఎనిమిది పాళ్లు ఇసుక, ఎనిమిది పాళ్లు సన్న కంకర. మందం రెండంగుళాలకు తగ్గకూడదు. అచ్చును కుదిపితే ముద్ద సర్దుకునేంత నీరు చాలు. జారుగా కలిపితే పైన నునుపు వస్తుంది, లోపల బలం పోతుంది. రెండు రోజులు అచ్చులోనే ఉంచి, తరువాత తడి గోనెపట్టా కప్పి కనీసం 14 రోజులు ఆరనివ్వకండి. సిమెంటు తగ్గించినవాళ్లు నీళ్లు పట్టడంలో బద్ధకించకూడదు.

కుండీలపిచ్చి:
కుండీలకు హైపర్‌టుఫా, అంటే రాయిలా కనిపించే తేలికపాటి సిమెంటు మిశ్రమం, చేసుకోండి. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాలు పెర్లైట్ (మొక్కల మట్టిలో కలిపే తేలికైన తెల్లని గుళికలు), ఒకటిన్నర పాలు కొబ్బరి పొట్టు. అసలు పద్ధతిలో పీట్ వేస్తారు, కానీ అది కార్బన్‌ను దాచుకున్న చిత్తడి నేలలను తవ్వి తీసేది. సిమెంటు మీద బెంగపెట్టుకున్నవారు దాన్ని వాడితే పెనం మీద నుంచి పొయ్యిలో పడినట్టే. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు కడగండి. కుండీ గట్టిపడ్డాక కొన్ని వారాలు నీళ్లు నింపి మారుస్తూ ఉండండి. లేకపోతే సిమెంటులోని క్షారం మొక్క వేళ్లకు చేటు. పలకలకు మాత్రం ఈ మిశ్రమం పనికిరాదు, నలిగిపోతుంది.

బడిపంతులు:
జియోపాలిమర్ జోలికి ఇంట్లో పోకండి. ఫ్లైయాష్‌నో, ఇనుము తీయగా మిగిలే స్లాగ్‌నో గట్టిపరచడానికి సాధారణంగా వాడేది సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సిలికేట్. మొదటిది కంట్లో చింది పడితే చూపే పోవచ్చు. హెంప్‌క్రీట్ గోడల్లో నింపడానికి బాగుంటుంది, బరువు మోయదు.

బొమ్మలకు సున్నం ఉండగా వేరే వెతుకులాట ఎందుకు? సున్నపురాయి దాదాపు 900 డిగ్రీల దగ్గరే సున్నంగా మారుతుంది. గాలికి గట్టిపడేటప్పుడు, రాయి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత తిరిగి పీల్చుకుంటుంది. కాల్చిన ఇంధనం లెక్క మాత్రం అలాగే ఉంటుంది, అది మరిచిపోయి సంబరపడవద్దు. రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం 43 మీటర్ల వెడల్పున, ఇనుప చువ్వ లేకుండా దాదాపు 1900 ఏళ్లుగా నిలిచింది సున్నం, అగ్నిపర్వత బూడిద కలయికతోనే. మనకు ఆ బూడిద పని ఇటుక పొడి చేస్తుంది. నీళ్లతో విరిచిన సున్నం, మెత్తని ఇటుక పొడి, ఇసుక సమపాళ్లు. ఇటుక కాస్త తక్కువ కాలినదై ఉండాలి. బాగా కాలి నల్లబడిన దాని పొడి సున్నంతో సరిగా కలవదు. రాతి సున్నాన్ని ఇంట్లో నీళ్లు పోసి విరవకండి, సలసల మరిగి మీద పడుతుంది. విరిచినదే తెచ్చుకోండి. కొన్ని వారాలు తడిగా, నీడలో ఉంచండి.

కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపిన సిమెంటు దొరికితే పలకలకు అదీ వాడవచ్చు. అందులో క్లింకర్, అంటే బట్టీలో కాల్చిన అసలు సిమెంటు గడ్డ, సుమారు సగమే.

మట్టిచేతులు (రెండున్నర నెలల తరువాత):
తాపీపని గారూ, మీకు ఒక సంగతి చెప్పాలి. కుళాయి చుట్టూ గడ్డి పీకుతుంటే ఆ ఐదు పలకలు బయటపడ్డాయి. కుళాయి కారుతూ ఉంటుంది, బాగుచేయిస్తానని ఎప్పటి నుంచో వాయిదా వేస్తున్నాను. అంటే రెండున్నర నెలలుగా వాటికి నా ప్రమేయం లేకుండానే నీళ్లు పట్టడం జరిగింది. గోటితో గీస్తే గోరు అరిగింది. ఇసుక పరిచి వేశాను, బరువు బండి తోసుకుంటూ వాటి మీదే తిరుగుతున్నాను. ఒకదాని అంచు మాత్రం పెచ్చు ఊడింది, అది నేను విసిరిన దెబ్బ అయి ఉంటుంది.

పంతులు గారి పాళ్లతో కొత్త తాబేలు పోశాను. ఇరవై రోజులైంది, గోనెపట్టా కిందే ఉంది. ఒక్కసారి ఎత్తి ముక్కు ఎలా వచ్చిందో చూడనా?

తాపీపని:
వద్దు.