'హ్యాండిల్'కు 'పిడి' సరిపోతుందా?

మిత్రులకు నమస్కారం. యాపిల్ వారి తొలితరం మ్యాకింటాష్ కంప్యూటర్ల ప్రోగ్రామింగును తెలుగులో పరిచయం చేసేటప్పుడు, మెమరీలోని సమాచారాన్ని చేరుకోవడానికి ప్రోగ్రాము వాడే 'హ్యాండిల్'ను 'పిడి' అనవచ్చా అని ఇక్కడ అడిగారు. నిఘంటువు ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ఆ యంత్రంలో హ్యాండిల్ చేసే పనిని బట్టి చూస్తే 'జాడ' అనడమే సరైనదని నా అభిప్రాయం.

1984 జనవరిలో విడుదలైన మొదటి మ్యాకింటాష్‌లో ఉన్న మెమరీ 128 కిలోబైట్లు మాత్రమే. 512 × 342 చుక్కల తెరకే అందులో 21 కిలోబైట్లకు పైగా పోయేది. వ్యవస్థ తన అవసరాలకు తీసుకోగా మిగిలిన చోటులోనే ప్రోగ్రామూ, దాని సమాచారమూ సర్దుకోవలసి వచ్చేది. వాడి వదిలేసిన మెమరీ ముక్కల ఖాళీలు చెల్లాచెదురుగా మిగిలిపోతే, అన్నీ కలిపితే చాలినంత చోటున్నా, ఒక పెద్ద ముక్కకు మాత్రం చోటు దొరకదు. అందువల్ల వ్యవస్థలో మెమరీని పంచిపెట్టే భాగమైన మెమరీ మేనేజర్ అవసరమైనప్పుడు ముక్కలను జరిపి ఖాళీలను ఒక్కచోటికి చేర్చేది. జరిగిన ముక్క చిరునామా మారిపోతుంది కనుక, ప్రోగ్రాముకు ఆ చిరునామాను నేరుగా ఇవ్వకుండా, దానిని నమోదు చేసి ఉంచిన 'మాస్టర్ పాయింటర్' ఎక్కడుందో మాత్రమే చెప్పేది. హ్యాండిల్ అంటే ఆ మాస్టర్ పాయింటర్ చిరునామాయే.

పిడి చేతికి వచ్చిందంటే కత్తి చేతికి వచ్చినట్టే. హ్యాండిల్ అలా కాదు. అది మన దగ్గరున్నా, వస్తువు ఇప్పుడు ఎక్కడుందో ప్రతిసారీ వాకబు చేయవలసిందే. 'జాడ' అన్న మాటలో ఆ వాకబు ఉంది. పాస్కల్ భాషలో ప్రోగ్రాములు రాసేవారు తడబడేది సరిగ్గా ఇక్కడే. హ్యాండిల్ మీద 'విత్' వాక్యం (వస్తువు పేరును మళ్ళీ మళ్ళీ రాయకుండా దాని భాగాలను వాడుకొనే సదుపాయం) రాస్తే, మొదట్లో ఒకసారి తీసుకొన్న చిరునామానే కంపైలర్ (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది) చివరిదాకా నమ్ముకొనే అవకాశం ఉంది. ఈలోగా మెమరీని కదిలించే టూల్‌బాక్స్ (మ్యాకింటాష్‌లోనే ఉన్న సిద్ధ ఆదేశాల సముదాయం) ఆదేశం ఏదైనా నడిస్తే, తర్వాత రాసేదంతా ఆ వస్తువు ఖాళీ చేసి వెళ్ళిన పాత చోటులో పడుతుంది. ముక్కలు జరిగినప్పుడే ఈ తప్పు బయటపడుతుంది కాబట్టి, ఎన్నోసార్లు చక్కగా నడిచిన ప్రోగ్రాము కూడా ఒకనాడు ఉన్నట్టుండి కూలిపోవచ్చు. మెమరీని కదిలించగల ఆదేశాల జాబితాను యాపిల్ తన అధికారిక గ్రంథంలో ప్రత్యేకంగా ముద్రించింది కూడా.

ఇంకో సంగతి. చోటు చాలనప్పుడు తీసివేయవచ్చని మనం అనుమతించిన ముక్కను మేనేజర్ తొలగిస్తే, మాస్టర్ పాయింటర్ శూన్యమవుతుంది కాని హ్యాండిల్ అలాగే ఉంటుంది. జాడ పట్టుకొని వెళ్తే మనిషి లేడని మనం సహజంగా అంటాం కదా, ఆ స్థితికి వేరే మాట వెతకనక్కరలేదు.

ఇదే వరుసలో, ముక్క జరగకుండా ఆపే 'హెచ్‌లాక్' ఆదేశాన్ని 'తాళం వేయడం' అనడాన్ని కూడా నేను ఒప్పుకోలేను. తాళం ఎవరినీ లోపలికి రానివ్వదు. ఇక్కడ ముక్కను చదవడానికీ మార్చడానికీ ఏ అడ్డూ లేదు, అది కదలకుండా ఉంటుంది, అంతే. 'బిగించడం' అనీ, దాన్ని తిరిగి జరగనిచ్చే 'హెచ్‌అన్‌లాక్'కు 'వదులు చేయడం' అనీ వాడితే, బిగించిన ముక్కను పని కాగానే ఎందుకు వదులు చేయాలో, చేయకపోతే మిగతా ముక్కలు జరగడానికి అది ఎలా అడ్డుపడుతుందో విద్యార్థికి మాటలోనే తెలుస్తుంది.