బల్ఫర్డ్ కొండమీది సుద్ద కివి ఇన్నేళ్లుగా ఎలా నిలిచింది?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో, బల్ఫర్డ్ సైనిక శిబిరం పైనున్న కొండవాలు మీద న్యూజిలాండ్ సైనికులు 1919లో తీర్చిన కివి పక్షి ఆకారం ఉంది. ఎత్తు 420 అడుగులు. పైనున్న పచ్చికను, మట్టిని తొలగిస్తే కింది తెల్లని సుద్ద బయటపడుతుందని, అదే ఆ బొమ్మ అని చదివాను. అంతే అయితే గడ్డి మళ్లీ మొలిచి అది ఏనాడో మాసిపోవాలి కదా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
మీ అనుమానం సరైనదే, వదిలేస్తే మాసిపోతుంది. అంచుల నుంచి గడ్డి లోపలికి పాకుతుంది, వాన సుద్దను వాలు కిందికి కడిగేస్తుంది, మిగిలినది పాచి పట్టి నల్లబడుతుంది. అందుకే కొన్నేళ్లకొకసారి కలుపు తీసి, అంచులను తిరిగి కోసి, కొత్త సుద్దను పోసి దిమ్మిస కొట్టవలసిందే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసినా ఓడలు దొరకక ఇంటికి వెళ్లలేక విసిగిపోయిన సైనికులకు పని కల్పించడానికి అధికారులు చేయించిన బొమ్మ ఇది. వారు వెళ్లిపోయాక దాని ఆలనాపాలనా చూసినది, విచిత్రంగా, కివి బూటు పాలిష్ కంపెనీ! 1960ల చివర అది తప్పుకున్నాక బొమ్మ గడ్డిలో కలిసిపోసాగింది. 1980లో అక్కడి సైనిక సిగ్నల్ దళం పూనుకుని దాన్ని మళ్లీ వెలికితీసింది.

రెండో జవాబు:
పై జవాబుకు చిన్న చేర్పు. 2017లో, మొదటి ప్రపంచయుద్ధంలో న్యూజిలాండ్ దళాలు బెల్జియంలో పోరాడిన మెసీన్ యుద్ధానికి నూరేళ్లు నిండిన సందర్భంగా దీన్ని రక్షిత కట్టడంగా ప్రకటించారు. మరుసటి ఏడాది సుమారు 100 టన్నుల సుద్దను చినూక్ హెలికాప్టర్‌తో కొండమీదికి చేర్చారు. అంత సుద్దను ఆ వాలు మీదికి మోయడం మాటలు కాదు.

అయితే అన్నిటికీ ఇంత అదృష్టం పట్టలేదు. అదే జిల్లాలోని ఫోవంట్ కొండమీద 1916 నుంచి అక్కడ మకాం వేసిన దళాలు తమ చిహ్నాలను చెక్కాయి; యుద్ధాంతానికి అవి దాదాపు 20. రెండో ప్రపంచయుద్ధంలో శత్రు విమానాలకు ఆనవాళ్లు కాకూడదని వాటిని గడ్డికే వదిలేశారు. తర్వాత కొన్నిటిని మాత్రమే బాగుచేయగలిగారు. దీన్ని నేను తప్పుపట్టను. అన్నిటినీ అరకొరగా ఉంచేకన్నా కొన్నిటినైనా స్పష్టంగా నిలపడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. అయితే ఇప్పుడు కనిపించే సుద్దలో 1919 నాటిది ఎంత?

మొదటి జవాబు రాసినవారు:
పైన కనబడే తెలుపు చాలావరకు తర్వాత పోసినదే. నాటి సైనికులదని చెప్పదగినది ఆ రూపురేఖ, దాని కింద వారు తవ్విన పల్లం. అందుకే అంచులు కోసేటప్పుడు అంత జాగ్రత్త. ప్రతిసారీ జానెడు పక్కకు జరిగినా, కొన్ని దశాబ్దాల్లో ముక్కు ఆకారమే మారిపోతుంది.