గ్రూప్ రైడ్‌లో సౌండ్ బాక్సు: ఉండాలా, వద్దా?

చైన్‌గార్డ్: ఆదివారం ఐదున్నరకి గంటస్తంభం నుంచి రామతీర్థం సైకిల్ రైడ్. క్యారియర్ మీద సౌండ్ బాక్సు కట్టుకొస్తానంటే కొందరు మూతి ముడుస్తున్నారు. ఎందుకో ఇక్కడ చెప్పండి. ఆరున్నర అంగుళాల కారు స్పీకర్లు రెండు (4 ఓమ్‌లు), శబ్దం పెంచే టీపీఏ3116 యాంప్ బోర్డు, 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) యూపీఎస్ బ్యాటరీ. అంతే సరుకు.

నాగావళి_గాలి: ముందు ఆ బ్యాటరీ తీసెయ్ గురూ. రెండు కిలోల పైమాటే. అది లెడ్ యాసిడ్, చార్జి సగం కన్నా కిందికి దింపితే తొందరగా పోతుంది, అంటే 84 వాట్ అవర్లలో నీకు దక్కేది 42. 32700 ఎల్‌ఎఫ్‌పీ (లిథియం రకం) సెల్లులు నాలుగు సిరీస్‌లో వేసి, వాటిని కాపాడే 4ఎస్ బీఎంఎస్ సర్క్యూటు పెట్టు. 12.8 వోల్టులు, 6 ఏహెచ్, కిలో లోపు. 5 ఆంపుల ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌ని ఆనుకునే ఉండాలి. యాంప్ బోర్డు దగ్గర పెడితే, మధ్యలో వైరు క్యారియర్ రాడ్డుకి ఒరుసుకుని షార్టయినప్పుడు అది కాపాడదు.

చైన్‌గార్డ్: యూపీఎస్ బ్యాటరీ ఏ కొట్లోనైనా దొరుకుద్ది. నీ సెల్లులకి 14.6 వోల్టుల చార్జరు వేరే కొనాలి. బరువు మోసేది నేనే కదా, నీకేటి నొప్పి?

బెల్లు_లేదు: బ్యాటరీ సంగతి తర్వాత. ఐదున్నరకి పాటేటి బావూ? రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది.

చైన్‌గార్డ్: ఊరు దాటాకే వేస్తా. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతాయి. మీటరు దూరంలో 90 ఇచ్చే స్పీకరు ఎనిమిది మీటర్లకి 72.

బెల్లు_లేదు: అది ఒక వాటుకి. నువ్వు 15 వాట్ల దాకా తిప్పుతావు, ఇంకో 12 కలుపు. 84! ఇళ్ల మధ్య పగటి హద్దే 55. వెనక లారీ హారను ఎవడికి వినపడుద్ది?

నాగావళి_గాలి: బంగీ తాడుతో కట్టకు. స్పీడ్ బ్రేకరు మీద సాగి బాక్సు పక్కకి జరుగుద్ది, హుక్కు ఊడి ఊచల్లో పడితే చక్రం పట్టేస్తుంది. బకిల్ ఉన్న నాడా వాడు, మిగిలిన కొస చుట్టి కట్టెయ్. బ్యాటరీ పక్క సంచీలో కిందికి ఉండాలి. పైన ఉంటే లేచి తొక్కినప్పుడల్లా సైకిలు ఊగుతుంది. ఇంకోటి, అదే బ్యాటరీ మీద ఫోను చార్జింగు పెట్టి, ఫోను నుంచి యాంప్‌కి పాట తెచ్చే ఆక్స్ వైరు గుచ్చితే గుయ్యిమని మోత. బ్లూటూత్ వాడు.

చైన్‌గార్డ్: ఎవడడిగాడు నిన్ను? రైడ్‌కి రాడు గానీ సలహాలు మాత్రం బస్తాలకొద్దీ.

వెనకబండి: అసలు మాట ఎవరూ అనరేటి? బాక్సున్నోడే ముందుంటాడు. వాడు గంటకి 25 కిలోమీటర్ల వేగంలో తొక్కితే అందరూ 25లో తొక్కాలి. గేర్లు లేనోళ్లకి పాటా ఉండదు, తోడూ ఉండదు. పాట మీద కాదు మాకు కోపం.

చైన్‌గార్డ్: మోసేవాడిదే వేగం. అందులో తప్పేటి?

బెల్లు_లేదు: ఆఁ, ఇప్పుడు బయటపడింది.

వెనకబండి: అయితే బాక్సు ఆఖరి సైకిలు మీద పెట్టండి.

నాగావళి_గాలి: పెట్టొచ్చు. కానీ స్పీకరు ముందుకి తిప్పితే తొక్కేవాడి వీపు అడ్డమై మాటలు మసకబారతాయి. రెండిటినీ చెరో పక్కకి, కొంచెం ముందుకి వాల్చి బిగించాలి.

చైన్‌గార్డ్: బాక్సు తెస్తా. ఆఖర్న మాత్రం ఉండను.

వెనకబండి: సరే. గేర్లు లేనోళ్లం ఐదుకే బయల్దేరతాం.