సిల్వర్ ఆపిల్స్ నాదం ఎలా పుట్టింది?

ప్రశ్న (శ్రీకాకుళం): 1968లో తొలి ఆల్బమ్ తెచ్చిన న్యూయార్క్ బృందం సిల్వర్ ఆపిల్స్‌ను ఈమధ్యే విన్నాను. సింథసైజర్ (ఎలక్ట్రానిక్ స్వరాలు పలికించే వాద్యం) కూడా లేకుండా ఆ నాదాన్ని ఎలా పుట్టించారో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

జవాబు (విజయనగరం): ఉన్నది ఇద్దరేనండి. డానీ టేలర్ డ్రమ్స్ వాయిస్తుంటే, సిమియన్ కాక్స్ పాత ఆడియో ఆసిలేటర్లను (విద్యుత్తుతో స్వరాన్ని పుట్టించే పరికరాలను) ఒకచోట పేర్చి, టెలిగ్రాఫ్ కీలు తగిలించి, చేతులతోనే కాక మోచేతులతో, మోకాళ్లతో, పాదాలతో కూడా నొక్కుతూ పాడేవారు. పియానో మెట్లలాంటివి లేవు కనుక కొద్ది స్వరాలే పదేపదే వినిపిస్తాయి. మా ఊరి సంగీత కళాశాలలో తంబూరా శ్రుతి విన్న చెవికి ఆ నాదం పరాయిదనిపించదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. మరి ఇంతటి బృందం మరుగున ఎందుకు పడింది?

మరొకరు (బొబ్బిలి): 1969 నాటి రెండో ఆల్బమ్ అట్ట వెనక కూలిన విమానం బొమ్మ వేసినందుకు అప్పటి అమెరికా విమానయాన సంస్థ పాన్ ఆమ్ దావా వేసింది, ఆ తర్వాత బృందం నిలవలేదు. 1990లలో పునర్ముద్రణలతోనే కొత్త శ్రోతలు దొరికారు. తొలి ఆల్బమ్ మొదటి పాట ‘ఆసిలేషన్స్’తో మొదలుపెట్టండి.