యుద్ధం జరిగిన చోట్లకి, సైనికుల సమాధులకి గ్రూప్ టూర్లు అవసరమా? కొహిమా వెళ్లొచ్చాక అడుగుతున్నాను

నాగావళి_రేవు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. దసరా సెలవులకి ఓ ట్రావెల్స్ వాళ్ల ఈశాన్యం టూరుకి ఇంటిల్లిపాదీ వెళ్లాం, నేను డబ్బు కట్టిందే అందులో నాగాలాండ్‌లోని కొహిమా వార్ సిమెట్రీ ఉందని. తీరా అక్కడ దిగాక గైడు ముప్పావుగంట టైమిచ్చాడు. కిందనే ఓ రాయి ఉంటుంది, మీ రేపటి కోసం మా ఈ రోజుని ఇచ్చేశాం అని అర్థం వచ్చే మాటలు చెక్కి ఉంటాయి, దాని పక్కన నిలబడి అందరూ ఫోటోలు దిగారు. 1944 ఏప్రిల్ 4 నుంచి జూన్ 22 దాకా యుద్ధం, బ్రిటిష్ వాళ్ల సైన్యం చేతిలో జపాన్ ఓడిపోయింది, ఇక్కడ 1420 సమాధులు అని గడగడా అప్పజెప్పేసి ఆయన టీ తాగడానికి పోయాడు. నేను మెట్టు మెట్టుగా ఉన్న ఆ కొండ ఎక్కుతూ పోతే అన్నిటికన్నా పైన ఇంకో స్మారకం కనబడింది, దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులు 917 మందిది. వాళ్లని పూడ్చలేదు కదా, కాల్చారు, అందుకని సమాధులు లేవు, పేర్లు మాత్రం అక్కడున్నాయి. మా బస్సులో 38 మంది ఉంటే పైదాకా వచ్చింది ఆరుగురం. మిగిలినవాళ్లకి పైన మనవాళ్లున్నారని చెప్పినవాడే లేడు. వారం అయింది వచ్చి, ఇంకా అదే మనసులో తిరుగుతోంది. ఇలాంటి చోట్లకి బస్సులేసుకుని వెళ్లడం తప్పా? నా మటుకు నేను వెళ్లాలనే అంటాను, కానీ ఇలాక్కాదు.

పలాస_జీడితోట:
అన్నా, నేను వద్దనే అంటాను. మన ఊళ్లో శ్మశానం వైపు వెళ్లొస్తే తలస్నానం చేసిగానీ ఇంట్లోకి రానివ్వరు, అలాంటిది చిప్స్ ప్యాకెట్లు పట్టుకుని సమాధుల మధ్య తిరగడం ఏం పద్ధతి. రెండోది, వాళ్లు పోరాడింది బ్రిటిష్ వాడి కోసం, వాడిచ్చిన జీతానికి. అంత దూరం వెళ్తే మణిపూర్‌లో మొయిరాంగ్ వెళ్లాలి, ఆజాద్ హింద్ ఫౌజ్ 1944 ఏప్రిల్ 14న జెండా ఎగరేసిన నేల అది. మనకి గౌరవం ఉండాల్సింది అక్కడ.

రాజాం_మాస్టారు:
తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమైంది గానీ ఒక్క విషయం చూడు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్‌లో లొంగిపోయిన మన సిపాయిలే తర్వాత చాలామంది, జపాన్ పక్కన పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. అంటే ఒకే పల్లెలో, ఒకే కరువుకి భయపడి పట్టాళంలో చేరిన ఇద్దరిలో ఒకడు కొహిమా కొండ మీద ఉంటే ఇంకొకడు ఎదురుగా వచ్చుండొచ్చు. వీడు మనవాడు వాడు కాదు అని ఎలా విడదీస్తావు? జపాన్ సైనికుల్నే తీసుకో, తుపాకీ దెబ్బలకన్నా తిండి లేక, రోగాలొచ్చి పోయినవాళ్లే ఎక్కువ. వెనకనుంచి బియ్యం రాలేదు, వానలు పట్టుకున్నాయి, తిరుగు దారి పొడుగునా పడిపోయారు. ఈ ముక్క పుస్తకంలో చదివితే ఒక వాక్యం, ఆ కొండదారి చూస్తూ వింటే వేరు. అందుకే గైడు ఉండాలంటాను, ఒక్కళ్లం వెళ్తే పచ్చగడ్డి, రాళ్లు, పూలమొక్కలు చూసి వచ్చేస్తాం. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు అటూ ఇటూ రెండు సైన్యాలూ బాంబులు విసురుకున్నాయి, ఆ కోర్టు గీతలు ఇప్పటికీ సిమెంటుతో గుర్తు పెట్టి ఉంచారు, చెప్పేవాడు లేకపోతే ఆ గీతలు దేనికో ఎవరికి తెలుస్తుంది? మైల సంగతంటావా, వచ్చాక స్నానం చేద్దాం, దానికి వెళ్లడం మానేయక్కర్లేదు.

బొబ్బిలి_కోడలు:
మాస్టారూ, గైడు ఉండాలన్నారు, సరే, ఎవరి వైపు గైడు? మా పుట్టిల్లు విజయనగరం, అత్తారిల్లు బొబ్బిలి, అందుకే అడుగుతున్నా. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం గురించి ఇక్కడ మా మామగారు చెప్తే విజయనగరం రాజు విజయరామరాజు ఫ్రెంచి బుస్సీ ఫిరంగుల్ని బొబ్బిలి కోట మీదికి తెచ్చాడు, కోటలో ఆడవాళ్లని పిల్లల్ని శత్రువుకి చిక్కకుండా తమ చేతులతోనే చంపుకుని మగవాళ్లు బయటికొచ్చి పోరాడారు అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మా నాన్నగారింటికి వెళ్తే ఎక్కువగా చెప్పుకునేది 1794 జులై 10 పద్మనాభం యుద్ధం, చిన్న విజయరామరాజు కంపెనీకి తలవంచకుండా ప్రాణమిచ్చాడని. రెండూ నిజమే కదా. కానీ మా పిల్లల స్కూలు వాళ్లు యుద్ధ స్తంభం దగ్గరికి తీసుకెళ్లినప్పుడు తాండ్ర పాపారాయుడు ఆ విజయరామరాజుని చంపి పగ తీర్చుకున్న కథ మాత్రమే చెప్పారు, మా చిన్నోడు ఇంటికొచ్చి తాతగారి ఊరివాళ్లు చెడ్డవాళ్లా అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. నేను టూర్లు వద్దనను, ఒక రోజు బొబ్బిలి చూపిస్తే ఇంకో రోజు పద్మనాభం కూడా చూపించాలి. అనంతపద్మనాభస్వామి కొండెక్కి దణ్ణం పెట్టుకుని దిగిపోతాం, కింద అంతమంది పడిపోయిన నేల గురించి ఒక్క ముక్క మాట్లాడుకోం.

రాజాం_మాస్టారు:
అమ్మా, మీ అబ్బాయి అడిగింది చాలా పెద్ద ప్రశ్న. పాపారాయుడు మా రాజాంలో ఉండబట్టే కోట పడినప్పుడు అక్కడ లేడని మేమూ గర్వంగానే చెప్పుకుంటాం. నేనూ పాతికేళ్లు ఒకవైపు కథే చెప్పాను పిల్లలకి. ఇకమీదట రెండూ చెప్తాను.

కవిటి_కొబ్బరి:
ఇదంతా సదువుతుంటే మా తాత గుర్తొచ్చీసినాడు. మా ఉద్దానంలో రంగం ఎల్లని ఇల్లుండేది కాదు, రంగం అంటే రంగూన్. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపానోళ్ల బాంబులు పడ్డాక ఓడల్లో సోటు దొరకనోళ్లంతా నడిసే బయల్దేరినారట. తాత బర్మా సరిహద్దులో తమూ అనే ఊరు దాటి ఇంఫాల్ మీదుగా దిమాపూర్ దాకా నడిసొచ్చినాడు, తోవలో కలరా, మలేరియా, ఎవలు పడిపోతే ఆలని అక్కడే ఒగ్గీసి రావడమే. తాత తమ్ముడు అలగే ఉండిపోయినాడు. ఎక్కడో తెలీదు. సిపాయిలకి రాయి ఉన్నాది, పేరున్నాది, బాగుంది, ఉండాల. మరి మావోలికేటి ఉన్నాది? ఆ రోడ్డు మీద తిరిగే ఏ టూరు బస్సులోనైనా ఈ మాట సెప్పినారేటి? అన్నా, మీ గైడు సెప్పినాడా?

నాగావళి_రేవు:
లేదు తమ్ముడూ. ఒక్క మాట కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు, నాకు తోచలేదు, ఇప్పుడు సిగ్గుగా ఉంది. మా మేనత్త వాళ్లది కూడా రంగం వెళ్లొచ్చిన కుటుంబమే.

పలాస_జీడితోట:
కవిటి అన్నా, ఇది నేను ఆలోచించలేదు. సెల్ఫీల బస్సు వద్దన్న మాట మీద మాత్రం ఉన్నాను. కానీ ఆ దారి చూడ్డానికైతే నేనూ వస్తాను.

నాగావళి_రేవు:
అయితే వినండి. డిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయనగరంలో ఎక్కితే దిమాపూర్‌లో దిగొచ్చు, అక్కడినుంచి కొహిమా కొండదారిలో 70 కిలోమీటర్ల పైచిలుకు. నాగాలాండ్‌కి ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకోవాలి. మణిపూర్‌లో 2023 మే నుంచి గొడవలు కదా, ఇంఫాల్, మొయిరాంగ్ ఈసారికి వద్దు, అక్కడివాళ్లు కష్టంలో ఉండగా మనం చూడ్డానికి వెళ్లడం బాగోదు. పది పన్నెండు మంది చాలు. కొహిమాలో ఒక పూట కాదు, రెండు రోజులు. స్థానిక నాగా మనిషినే గైడుగా పెట్టుకుందాం, ఆ యుద్ధంలో ఇళ్లు కాలిపోయింది వాళ్లవే, వాళ్ల వైపు కూడా విందాం. కవిటి తమ్ముడూ, మీ తాత తమ్ముడి పేరేంటో, ఏ ఊరినుంచి ఏ ఊరి దాకా కలిసి నడిచారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకుని తీసుకురా. పైన ఆ 917 మంది దగ్గర నిలబడి ఆ పేరు కూడా చదువుదాం.

కవిటి_కొబ్బరి:
మా అప్ప ఒకర్తే ఉన్నాది ఆ కాలపు మనిషి. రేపే ఎల్లి అడుగుతాను.