ఫ్లైయాష్ ఇటుకలతో ఇల్లు కడితే ప్రమాదమా?

కొత్తిల్లు_2:
వచ్చే వారం గోడలు మొదలు. మేస్త్రి ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చితే వచ్చే సన్నటి బూడిద) ఇటుకలు తెప్పిద్దామంటున్నాడు. మా మామయ్యగారు ససేమిరా అంటున్నారు. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, యురేనియం ఉంటాయట, పిల్లలు తిరిగే ఇంట్లో వద్దంటారు. ఒకటే టెన్షన్. ఎర్ర ఇటుకే మేలంటారా?

సైట్_ఇంజనీర్:
అవి ఉన్నమాట నిజమేనండి. మన బొగ్గులో 30 నుంచి 40 శాతం బూడిదే. బొగ్గులో రవ్వంత ఉన్న లోహాలు అది కాలాక బూడిదలో చిక్కబడతాయి. కానీ ఇటుకలో ఆ బూడిద సున్నంతోనో సిమెంటుతోనో కలిసి గట్టిపడుతుంది, లోహాలు చాలావరకు అందులోనే ఇరుక్కుపోతాయి. రేడియేషన్ సంగతి అంటారా, బూడిదలో ఉన్నది గ్రానైటు, ఎర్ర ఇటుకల్లో ఉండేదానికి పెద్ద తేడా లేదని అమెరికా భూగర్భ సర్వే 1997లోనే చెప్పింది. ఇంకో మాట. ప్లాస్టరింగ్‌కు కొనే పిపిసి సిమెంటు బస్తా మీద ఫ్లైయాష్ శాతం రాసి ఉంటుంది, చూడండి. 15 నుంచి 35 దాకా ఉంటుంది. ఎర్ర ఇటుక కట్టినా బూడిద ఇంట్లోకి వచ్చినట్టే. పైగా ఆ ఎర్ర ఇటుక కోసం పొలాల పైమట్టి పోతుంది.

మేస్త్రి_బాబాయ్:
ఇటుక మంచిదో కాదో చూసుకో అమ్మా. ఎండిన ఇటుక తూచి, ఒక రోజంతా నీళ్ళలో నానేసి మళ్ళీ తూచు. బరువు 20 శాతం మించి పెరిగితే ఆ లోడు వెనక్కి పంపెయ్. మిషన్‌తో కోసేటప్పుడు లేచే దుమ్మే చెడ్డది. కుర్రాళ్ళ ముక్కుకి గుడ్డ కట్టించు, కోతకు ముందు ఇటుక తడపమను.

బూడిద_ఊరు:
ఇంజనీరుగారూ, మీ లెక్క ఇటుక దగ్గర మొదలైంది. మా ఇల్లు ఒక థర్మల్ కేంద్రం బూడిద చెరువు పక్కనే. వేసవిలో గాలి లేస్తే ముందు అన్నం గిన్నెల మీద మూతలు వెతుక్కుంటాం. పొద్దున్నే మా అమ్మ ముగ్గు పెట్టాలంటే వాకిలి రెండుసార్లు కడగాలి, పారే నీళ్ళు సిమెంటు నీళ్ళలా ఉంటాయి. బూడిద తీసుకెళ్ళొద్దని నేననను. తీయకపోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ సింగ్రౌలిలో చూశాం, బూడిద చెరువు కట్ట తెగి మనుషులే కొట్టుకుపోయారు. కానీ పట్టా కప్పని లారీలు మా బడి ముందు నుంచే పోతున్నాయి. ఎన్ని అర్జీలు పెట్టినా పట్టించుకున్నవాళ్ళు లేరు. ఈ బూడిద మీ గోడలోకి చేరకముందే మా ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది. దాన్ని సురక్షితం అని ఎలా ఒప్పుకోను?

సైట్_ఇంజనీర్:
మీరన్నది నిజం. నేను గోడ వరకే చూశాను. అసలు నాకు భయం పుట్టించేది ఇటుక కాదు, మెరక. పల్లపు ప్లాట్లలో విడి బూడిద నింపి పైన పల్చగా మట్టి కప్పిన చోట్లు నేను చూశాను. అందులో సున్నం లేదు, సిమెంటు లేదు. వాన నీళ్ళు దిగినప్పుడల్లా లోహాలు కొద్దికొద్దిగా భూగర్భ జలంలోకి దిగే వీలుంది. 2021 డిసెంబరు కేంద్ర నోటిఫికేషన్ బూడిదతో పల్లాలు పూడ్చడాన్ని ఆమోదం ఉన్న చోట్లకే, కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలకే పరిమితం చేసింది. ప్లాట్లు అమ్మేవాళ్ళని ఆ కాగితం అడిగేవాళ్ళేరీ?

కొత్తిల్లు_2:
మా ప్లాటు మెరక పోయించినప్పుడు మేం ఊళ్ళో లేం. లారీకి ఇంత అని డబ్బు కట్టామంతే. బోరు నీళ్ళే తాగాలనుకున్నాం. ఇటుకల ఆర్డరు ఆపించాను. ఆదివారం మామయ్యగారిని తీసుకెళ్ళి, నాలుగడుగుల గొయ్యి తీయించి, కింద ఏముందో చూసి ఇక్కడే రాస్తాను.