పిల్లిగద్దల పిల్లి ఏడికెళ్లి వచ్చింది?

మా మక్తల్ దిక్కు నల్లరేగడి చేన్లల్ల చలికాలం ఒక పక్షి వస్తది. జొన్న కంకుల మీదికెళ్లి మూరెడు ఎత్తున తేలుకుంట పోతది, రెక్కలు కొంచెం పైకి లేపి పడ్తది. మగది బూడిద రంగు, రెక్కల కొసలు నల్లగ ఉంటయి. ఆడది మట్టిరంగు, తోక మొదట్ల తెల్లపట్టీ. మా తాత దాన్ని పిల్లిగద్ద అంటడు. పేపర్లల్లనేమో అన్నిటినీ డేగ అనే రాస్తున్నరు. పిల్లి లెక్క కోడిపిల్లల కోసం వస్తది గనుక పిల్లిగద్ద అన్నరు అనుకుందామంటే, నేను చూసినంత మట్టుకు ఇది మిడతలు, ఎలుకల మీదనే పడ్తది. మరి ఈ పిల్లి ఏంది?

నల్లగొండ నుంచి:
తమ్ముడూ, తాత మాట విడవకు. నువ్వు చెప్పిన పక్షిని ఇంగ్లీషులో హారియర్ అంటారు. 1862లో జెర్డన్ అనే ఇంగ్లీషు పక్షి శాస్త్రవేత్త అచ్చువేసిన భారతదేశ పక్షుల గ్రంథంలో దానికి తెలుగు పేరు పిల్లిగద్ద అనే ఉంది. తమిళంలోనూ పూనైప్పరుందు, అంటే పిల్లిగద్దే. నా లెక్కన ఆ పేరు ముఖం నుంచి వచ్చింది. మామూలు గద్ద ముఖం కోసుగా ఉంటుంది. దీనికి గుడ్లగూబ లాగే ముఖం చుట్టూ ఈకల వలయం. గడ్డిలో ఎలుక కదిలిన సప్పుడును ఆ వలయమే చెవులకు చేరుస్తుంది. గుండ్రటి ముఖం కిందికి వంచి, పొంచి పొంచి పోతుంటే ఎవరికైనా పిల్లే యాదికొస్తుంది. ఇంకో మాట. గూబ అంటే చెవి దగ్గరి భాగం, గూబ అంటే ఆ పిట్ట కూడా. చెవితో వేటాడే పిట్టకు చెవి పేరే ఉండడం నాకు ఎప్పుడూ ముచ్చటే.

దేవరకొండ నుంచి:
అన్నా, గూబ అన్నరు గనుక అడుగుతున్న. నిరుడు సంక్రాంతికి ముందు, పొద్దుగూకే యాళ, మా పల్లి చేను గెట్టు మీది బోదగడ్డిలకెళ్లి ఒక గూబ లేచింది. నా కాలికి నాలుగడుగుల దూరం కూడా లేదు. పసుపు కండ్లు, చుట్టూ కాటుక అలికినట్టు నలుపు. పైడికంటె అనుకున్న గానీ, పైడికంటె గోరింకంత ఉంటది. ఇది కాకంత ఉన్నది. చెట్టు మీద గాక నేల మీద గూబ ఉంటదా?

నల్లగొండ నుంచి:
ఉంటది చెల్లే. అది షార్ట్ ఇయర్డ్ ఔల్, పొట్టిచెవుల గూబ. ఉత్తరాది చలి దేశాల నుంచి వస్తుంది. పిల్లిగద్దల్లో కొన్ని కజకిస్తాన్ నుంచి వచ్చినట్టే. చీకటి పడకముందే వేటకు లేస్తుంది, ఎగరడమూ పిల్లిగద్ద లాగే, చేను మీద కింద కిందనే. పడుకోవడానికి రెండింటికీ నేల మీది గడ్డే కావాలి. గడ్డిగూబ అందామంటే గడ్డిలో బతికే వేరే గూబ ఒకటుంది, పేర్లు కలిసిపోతాయి.

మక్తల్ నుంచి:
తాతకు చదివి వినిపించిన. "పిల్లిగద్దతోని వచ్చేది పిల్లిగూబ గాక ఇంకేముంటదిరా" అన్నడు.

దేవరకొండ నుంచి:
నాకు ఆ పేరే నచ్చింది. గెట్టు మీది బోద ఈసారి ఇంకా కోయించలేదు. పొద్దుమూకి పోయి చూస్త.